ఖాకీ, నల్లకోటు, తెల్లకోటు: నేర న్యాయ రంగంలో చదువు ఎంచుకోవడం ఎలా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మా ఆఫీసుకు కక్షిదారులతో పాటు పిల్లల చదువు గురించి అడిగే తల్లిదండ్రులు కూడా వస్తుంటారు. జిల్లా కోర్టులో ఇరవై ఏళ్లుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను కాబట్టి అందరిదీ ఇంచుమించు ఒకే ప్రశ్న. "మా అమ్మాయికి క్రిమినల్ సబ్జెక్టులంటే ఇష్టమండీ, ఏ కాలేజీలో చేర్చమంటారు?" కాలేజీ పేరు నేను వెంటనే చెప్పను. చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు ఒక ప్రయోగశాల ఉద్యోగ ప్రకటన ప్రింటు తీసుకుని వచ్చాడు. పేరులో ఫోరెన్సిక్ అనే మాట ఉన్న డిగ్రీ చదివాడు, పీజీ కూడా అందులోనే పూర్తి చేశాడు. మంచి మార్కులు. అర్హతల పేరాలో ఒక వాక్యం కింద వేలు పెట్టి నాకు చూపించాడు. ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేసినవారు అర్హులే, కానీ బీఎస్సీ మూడేళ్లూ కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. అతని మార్కుల మెమోల్లో కెమిస్ట్రీ మొదటి ఏడాదితోనే ఆగిపోయింది. "సార్, ఏమైనా చేయగలమా?" అని అడిగాడు. చేయగలిగింది ఏమీ లేదు. డిగ్రీలో చేరిన రోజున ఆ వాక్యాన్ని ఎవరైనా చూపించి ఉంటే సరిపోయేది.

అందుకే నా పద్ధతి తలకిందులుగా ఉంటుంది. ముందు ఏ పని చేయాలని ఉందో తేల్చుకోవాలి. తర్వాత ఆ పనికి పాత నోటిఫికేషన్‌లో ఏ అర్హత అడిగారో చదవాలి. ఆ తర్వాతే కోర్సు, అన్నిటికంటే చివర కాలేజీ.

మొదటి పని: ఒక కేసు ఫైలు వెంట నడవండి

ఊరి చివర పొలం గట్టు మీద ఒక మనిషి హత్యకు గురై పడి ఉన్నాడనుకుందాం. బంధువు ఫిర్యాదు ఇస్తాడు, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నమోదవుతుంది. హత్య కేసు కాబట్టి మన రాష్ట్రాల్లో సాధారణంగా సీఐ దర్యాప్తు చేపడతారు. ఆధారాలు సేకరించే క్లూస్ టీం వస్తుంది. రక్తం అంటిన మట్టిని గీకి ఒక డబ్బాలో వేస్తారు, కాస్త దూరంలో ఉన్న మామూలు మట్టిని ఇంకో డబ్బాలో వేస్తారు. పోల్చి చూడటానికి రెండూ కావాలి. ప్రతి డబ్బాకూ చీటీ అంటించి, సాక్షులుగా పిలిచిన ఇద్దరు మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టిస్తారు. శవపంచనామా, తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టుమార్టం. సీలు వేసిన డబ్బాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళతాయి. మృతుడి ఫోన్ కాల్ వివరాలు ఇంకొకరు పరిశీలిస్తుంటారు.

ముద్దాయి దొరికి రిమాండ్‌కు వెళతాడు. ఇలాంటి కేసులో 90 రోజుల్లోపు చార్జిషీటు దాఖలు చేయకపోతే అతనికి బెయిల్ హక్కు వస్తుంది. కేసు సెషన్స్ కోర్టుకు చేరాక ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒకవైపు, ముద్దాయి తరఫు న్యాయవాది మరోవైపు నిలబడతారు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది. ముద్దాయికి 18 ఏళ్లు నిండలేదని తేలితే కేసు దారే మారిపోతుంది. జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళుతుంది, ఆ పిల్లవాడి ఇల్లు, బడి, స్నేహితుల గురించి ప్రొబేషన్ అధికారి నివేదిక రాస్తారు. మృతుడి భార్యకు పరిహారం ఇప్పించే పని ఇంకొకరిది.

ఈ ఒక్క ఫైలు మీద కనీసం పది రకాల మనుషులు పనిచేశారు. వాళ్ల చదువులు వేరు, జీతాలు వేరు, రాత్రి నిద్రలు కూడా వేరు. మీ పిల్లలను ఈ ఫైలు వెంట నడిపించి, ఎక్కడ ఆగాలనిపించిందో అడగండి. గట్టు మీద నిలబడి మనుషుల చేత నిజం చెప్పించాలని ఉందా? ఎవరూ లేని గదిలో ఆ మట్టిని పరీక్షించాలని ఉందా? కోర్టులో నిలబడి వాదించాలని ఉందా? లేక ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడాలని ఉందా? ఈ ప్రశ్నకు జవాబు రాకుండా దరఖాస్తు నింపకండి.

జవాబు రాకపోతే ఒక మంచి మార్గం ఉంది. దగ్గరలోని జిల్లా కోర్టుకు వెళ్లి ఒక పూట వెనక బెంచీలో కూర్చోండి. కొన్ని రకాల కేసులు మినహా మన కోర్టుల్లో విచారణ బహిరంగంగానే జరుగుతుంది, ఎవరైనా చూడవచ్చు. సాక్షి విచారణ జరిగే రోజు ఎంచుకోండి. పంచనామా మీద సంతకం చేసిన మధ్యవర్తిని డిఫెన్స్ లాయరు అడుగుతాడు. "మీరు ఆ కాగితం ఎక్కడ కూర్చుని రాశారు? పొలం దగ్గరా, పోలీస్ స్టేషన్‌లోనా?" సాక్షి తడబడి "స్టేషన్‌లో" అన్నాడంటే నెలల తరబడి చేసిన దర్యాప్తు బలహీనపడుతుంది. ఆ క్షణంలో మీకు సీఐ మీద జాలి కలిగిందా, డిఫెన్స్ లాయరు ప్రశ్న మీద గౌరవం కలిగిందా, డబ్బా సీలు ఎవరు వేశారన్న అనుమానం కలిగిందా గమనించుకోండి. ఏ ప్రాస్పెక్టస్ చదివినా మీ గురించి మీకు అంత తెలియదు.

రెండో పని: పాత నోటిఫికేషన్ చదవండి

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు నియామక మండళ్లు, రెండు రాష్ట్రాల పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్. వీటి వెబ్‌సైట్లలో పాత ప్రకటనలు దొరుకుతాయి. మీకు నచ్చిన ఉద్యోగానివి రెండు మూడు ప్రింటు తీసుకుని, అర్హతల పేరాను పెన్సిలుతో గీతలు గీస్తూ చదవండి. చదివితే కొన్ని అపోహలు అక్కడికక్కడే తొలగిపోతాయి.

ముందుగా ఖాకీ సంగతి. సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు ఏ డిగ్రీ అయినా చాలు. కానిస్టేబుల్‌కు ఇంటర్. క్రిమినాలజీలో బీఏ చేసినవారికి, బీకాం చేసినవారికి అక్కడ తేడా లేదు. రాత పరీక్షలో ఉండేవి అంకగణితం, రీజనింగ్, జనరల్ స్టడీస్, ఇంగ్లిషు, తెలుగు. నేరశాస్త్రం పేపరు లేదు. అంటే లక్ష రూపాయల ఫీజు కట్టి క్రిమినల్ జస్టిస్ డిగ్రీ చేయడం ఎస్సై ఉద్యోగానికి దగ్గరి దారి కాదు. ఎస్సై కావడమే లక్ష్యమైతే ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మీకు ఇష్టమైన సబ్జెక్టు చదువుతూ, మిగిలిన సమయాన్ని గ్రౌండుకు, పరీక్ష సన్నద్ధతకు ఇవ్వండి. ఐపీఎస్ కావాలన్నా, గ్రూప్-1 ద్వారా డీఎస్పీ కావాలన్నా ఇదే మాట. ఏదో ఒక డిగ్రీ, దానిపైన పరీక్ష.

ఖాకీ కోరుకునేవారు ఇంట్లోనే ముందు చేసుకోవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. సివిల్ ఎస్సై, కానిస్టేబుల్ పోస్టులకు పురుషులు 167.6 సెంటీమీటర్లు, మహిళలు 152.5 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. ఏజెన్సీ ప్రాంతాల గిరిజన అభ్యర్థులకు సడలింపు ఉంటుంది. ఎత్తు గోడ మీద గీత గీసి కొలవవచ్చు. చదునైన పాదాలు, నిలబడితే తాకుకునే మోకాళ్లు, రంగులు గుర్తించడంలో లోపం ఉంటే వైద్య పరీక్షలో తిరస్కరిస్తారు. పాదాలు తడిపి పొడి గచ్చు మీద నిలబడి, పక్కకు తప్పుకుని చూడండి. అడుగు మధ్య భాగంలో లోపలివైపు తడి అంటకుండా ఖాళీ ఉంటే మంచిదే. పాదం మొత్తం ముద్రలా పడితే ఎముకల డాక్టరుకు చూపించి, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోండి. మూడేళ్ల కోచింగ్ తర్వాత తెలియవలసిన సంగతి కాదిది.

నల్లకోటు సంగతి వేరు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు లా డిగ్రీతో పాటు క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నియమితులు కావాలంటే చట్టం ప్రకారం కనీసం ఏడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకూ మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు ఇచ్చింది. కాబట్టి చదువు అయిన మరుసటి ఏడాదే ఉద్యోగం వస్తుందన్న లెక్క ఇక్కడ కుదరదు. ఐదేళ్ల చదువుకు మూడేళ్ల జూనియర్ జీవితం కలిపి ఎనిమిదేళ్లు అనుకోండి. ఆ మూడేళ్లలో సీనియర్ ఇచ్చేది బస్సు ఖర్చులకే సరిపోవచ్చు. ఇంటి పరిస్థితి చూసుకుని దిగండి.

తెల్లకోటు సంగతి మొదట్లోనే చెప్పాను. ఫోరెన్సిక్ ల్యాబ్‌లు విభాగాలుగా పనిచేస్తాయి. విషాలు, మత్తుపదార్థాలు చూసే రసాయన విభాగం ఒకటి. రక్తం, డీఎన్ఏ చూసే జీవశాస్త్ర విభాగం ఒకటి. తుపాకులు, గాజు, పెయింటు చూసే భౌతిక విభాగం ఒకటి. దొంగ సంతకాలు చూసే పత్రాల విభాగం, కంప్యూటర్లు, ఫోన్లు చూసే విభాగం కూడా ఉంటాయి. ప్రతి పోస్టూ ఏదో ఒక విభాగానికే వస్తుంది, ఆ విభాగపు మూల సబ్జెక్టులో మీ పునాదిని అడుగుతుంది. అందుకే డిగ్రీలో కెమిస్ట్రీ, ఫిజిక్స్, జువాలజీ లేదా బోటనీ వంటి మూల శాస్త్రాన్ని మూడేళ్లూ పట్టుకుని ఉండండి. ఒక్క ఫోరెన్సిక్ అనే మాటను నమ్ముకోకండి.

ఇంటర్ గ్రూపును బట్టి తెరిచి ఉన్న తలుపులు

సీఈసీ, హెచ్ఈసీ చదివినవారు ఫోరెన్సిక్ ల్యాబ్ వైపు వెళ్లలేరు. ఈ మాట నిష్ఠురంగా అనిపించినా ఇప్పుడే తెలియడం మేలు. వారికి లా, క్రిమినాలజీ, సోషల్ వర్క్, పోలీసు దారులన్నీ ఉన్నాయి. బైపీసీ, ఎంపీసీ వారికి అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. ఎంపీసీ వారు డిజిటల్ ఫోరెన్సిక్స్ గురించి కాస్త లోతుగా ఆలోచించవచ్చు.

ఫోరెన్సిక్ సైన్స్: ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే

ఈ రంగానికి మంచి రోజులు వస్తున్నాయన్న మాట నిజం. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చాయి. నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. అలాంటి నేరాలు ప్రతి జిల్లాలో నిత్యం జరుగుతూనే ఉంటాయి కాబట్టి నిపుణుల అవసరం పెరగక తప్పదు. అయితే అవసరం పెరగడం వేరు, పోస్టులు మంజూరు కావడం వేరు. నోటిఫికేషన్ల మధ్య ఏళ్లు గడుస్తాయి. అందుకే మూల శాస్త్రం గట్టిగా ఉండాలని మళ్లీ చెబుతున్నాను. కెమిస్ట్రీలో పట్టు ఉన్నవారికి ఈలోగా ఔషధ కంపెనీల్లో, పరీక్షా కేంద్రాల్లో పని దొరుకుతుంది.

దేశంలో ఈ చదువుకు ప్రత్యేకంగా ఉన్నది గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ. అంతకుముందు గుజరాత్ రాష్ట్ర విశ్వవిద్యాలయంగా ఉండేది, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఢిల్లీతో పాటు ఇంకొన్ని చోట్ల క్యాంపస్‌లున్నాయి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల బీఎస్సీ-ఎమ్మెస్సీ కోర్సు ఉంది. ప్రవేశ పరీక్ష పేరు ఎన్‌ఫ్యాట్. మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయంలో 1959 నుంచే నేరశాస్త్ర, ఫోరెన్సిక్ విభాగం ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ నడుపుతోంది, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా చేరవచ్చు. నన్నడిగితే, డబ్బు పరిమితంగా ఉన్న కుటుంబానికి అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే. దగ్గరి ప్రభుత్వ కాలేజీలో కెమిస్ట్రీతోనో, జువాలజీతోనో బీఎస్సీ, ఆ పైన ఫోరెన్సిక్‌లో పీజీ. పీజీ వరకు వచ్చేసరికి మనసు మారినా నష్టం ఉండదు.

హైదరాబాద్‌లో చదివేవారికి ఇంకో సౌకర్యం ఉంది. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, రెడ్ హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, ఉప్పల్‌లో డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ ఉన్నాయి. మన దేశంలో డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్‌కు పునాది వేసిన డాక్టర్ లాల్జీ సింగ్ పనిచేసింది కూడా ఈ నగరంలోనే, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో. మీరు చేరబోయే కాలేజీ తన విద్యార్థులను ఇలాంటి సంస్థల్లో శిక్షణకు పంపుతోందా అని అడగండి. "పంపుతాం" అంటే సరిపోదు. పోయిన ఏడాది ఎవరు వెళ్లారు, ఎన్ని రోజులు ఉన్నారు, సర్టిఫికెట్ ఎలా ఉంటుంది అని అడగండి.

ఒక మాట మనసులో నుంచి చెబుతున్నాను. సీరియళ్లు చూసి ఈ చదువులో చేరకండి. ల్యాబ్‌లో తెరిచే మూటలో కాలిన చీర ఉంటుంది, చిన్న పిల్లల బట్టలు ఉంటాయి, పురుగుమందు వాసన వేసే కడుపు భాగాలు సీసాల్లో ఉంటాయి. వాటిని రోజూ చూస్తూ, ఒక్క నంబరు తప్పు రాయకుండా రిజిస్టరు నింపాలి. అది చేయగలిగేవారు నిజంగా గొప్ప పని చేస్తున్నట్టు లెక్క. ల్యాబ్ రిపోర్టు సరిగ్గా ఉండటం వల్ల నిర్దోషి బయటపడిన కేసులు నా కళ్లతో చూశాను.

లా: ఐదేళ్లా, మూడేళ్లా?

ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు. వీటి ప్రవేశ పరీక్ష లాసెట్, మన రెండు రాష్ట్రాలకు వేర్వేరుగా ఉంటుంది. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం, తెలుగులోనూ ప్రశ్నపత్రం ఉంటుంది. సగం ప్రశ్నలు న్యాయశాస్త్ర అభిరుచి మీద, మిగతావి జనరల్ నాలెడ్జ్, వర్తమాన వ్యవహారాల మీద వస్తాయి. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల కోర్సుకు జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. అది పూర్తిగా ఇంగ్లిషులోనే ఉంటుంది.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చదివితే చట్టం లోతుగా వస్తుంది, మంచి పరిచయాలు ఏర్పడతాయి. అక్కడ ఫీజు కూడా అలాగే ఉంటుంది, అప్పు చేసి చదివినవారికి కార్పొరేట్ కంపెనీ వైపు వెళ్లక తప్పని స్థితి రావచ్చు. జిల్లా కోర్టులో క్రిమినల్ ప్రాక్టీసే మీ కోరిక అయితే ప్రభుత్వ విశ్వవిద్యాలయ లా కాలేజీలో చదివి, మొదటి ఏడాది నుంచే మధ్యాహ్నాలు ఒక మంచి క్రిమినల్ లాయరు ఆఫీసులో కూర్చోవడం ఏమాత్రం తక్కువ దారి కాదు. అక్కడ చార్జిషీటు చదవడం నేర్చుకుంటారు, తెలుగులో సాక్షితో మాట్లాడటం నేర్చుకుంటారు.

రెండు జాగ్రత్తలు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం ఆ కాలేజీకి మీరు చేరే సంవత్సరానికి ఉందో లేదో చూడండి. దూరవిద్యలో, హాజరు లేకుండా చేసిన ఎల్ఎల్‌బీతో న్యాయవాదిగా ఎన్‌రోల్ కాలేరు. "అటెండెన్స్ మేం చూసుకుంటాం" అని చెప్పే కాలేజీ మీ పిల్లల భవిష్యత్తుతో ఆడుకుంటోంది. ఇక చదువు ముగిశాక, ఎన్‌రోల్‌మెంట్ ఫీజుగా జనరల్ అభ్యర్థుల నుంచి 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తేల్చింది. పేద పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

క్రిమినాలజీ, సోషల్ వర్క్

నేరం ఎందుకు జరుగుతుంది, శిక్ష వల్ల మనిషి మారతాడా, బాధితులకు ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నలతో బతకాలనుకునేవారికి క్రిమినాలజీ. మద్రాసు విశ్వవిద్యాలయంలో, తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయంలో మంచి విభాగాలున్నాయి. ముంబయి టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో క్రిమినాలజీ, జస్టిస్ అంశంగా సోషల్ వర్క్ పీజీ ఉంది. గాంధీనగర్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం పోలీసు పాలన, భద్రతా అంశాల మీద కోర్సులు నడుపుతోంది. అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో క్రిమినాలజీ ఒక సబ్జెక్టు, కాబట్టి బోధన వైపు వెళ్లే అవకాశం ఉంది.

ఈ చదువుతో వచ్చే ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, బాధితులకు అండగా నిలిచే కేంద్రాల్లో పని దొరుకుతుంది, కానీ వీటిలో చాలావరకు కాంట్రాక్టు పోస్టులే. చాలా చోట్ల సోషల్ వర్క్, సైకాలజీ, సోషియాలజీ, లా పట్టాలను పేరుపెట్టి అడుగుతారు. అందుకే క్రిమినాలజీ మీద ప్రేమ ఉంటే సోషల్ వర్క్ పీజీతో కలిపి చదవడం క్షేమం. జైలు గోడల లోపల, బాలల హోమ్‌లో ఈ పని చేసేవారిని చూసినప్పుడల్లా మన సమాజం వాళ్లకు ఇంకా మంచి జీతం ఇవ్వాలని అనిపిస్తుంది.

డిజిటల్ ఆధారాలు

సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం వీడియో, వాట్సాప్ సందేశం, కాల్ రికార్డు వంటివి కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ విలువ అంటే ఫైలుకు వేలిముద్ర వంటిది, ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. ఈ పని చేసేవారు మన జిల్లాల్లో చాలా తక్కువ. బీటెక్ కంప్యూటర్స్, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చేసి పీజీలో డిజిటల్ ఫోరెన్సిక్స్ తీసుకోవచ్చు. నాలుగు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో నిపుణుడినని చెప్పుకుంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాలు కూడా నిలవలేరు.

కాలేజీని పరీక్షించడం

యూజీసీ గుర్తింపు ఉందో లేదో యూజీసీ జాబితాలోనే చూడండి, కాలేజీ గోడ మీద కాదు. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడా యూజీసీ ప్రచురిస్తుంది. ఇంకో రాష్ట్రపు ప్రైవేటు విశ్వవిద్యాలయం పేరుతో మన ఊళ్లో ఫ్రాంచైజీ కేంద్రం ఉంటే దూరంగా ఉండండి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల ద్వారా కనిపించే కోర్సులకు కనీసం రాష్ట్రపు అనుమతి ఉంటుంది.

తర్వాత సిలబస్ తెరవండి. ఇంకా ఐపీసీ 1860, సీఆర్‌పీసీ 1973, 1872 నాటి సాక్ష్య చట్టం మాత్రమే ఉంటే ఆ సిలబస్‌ను ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం. పాత కేసుల కోసం పాత చట్టాలూ తెలియాలి, కానీ హత్య అనగానే పాత ఐపీసీ సెక్షన్ 302తో పాటు కొత్త న్యాయ సంహిత సెక్షన్ 103 కూడా నోటికి రావాలి.

ఫోరెన్సిక్ కోర్సు అయితే ల్యాబ్ చూడకుండా ఫీజు కట్టకండి. ఒకసారి నా స్నేహితుడి కూతురితో ఒక కాలేజీకి వెళ్లాను. గదిలో అద్దాల బీరువా నిండా కొత్త పరికరాలు. రెండు తుపాకీ గుండ్లను పక్కపక్కన పెట్టి పోల్చే కంపారిజన్ మైక్రోస్కోపు కూడా ఉంది. ఆ అమ్మాయి దాని మీద కప్పిన ప్లాస్టిక్ కవరు ఎత్తి చూసింది. కంపెనీ అంటించిన పలచని పొర ఇంకా కటకం మీదే ఉంది. రెండేళ్లుగా నడుస్తున్న కోర్సు అది. మేం ఇంకేమీ అడగకుండా బయటికి వచ్చేశాం. ఇంకో కాలేజీలో పరికరాలు తక్కువ. కానీ బల్ల మీద వేలిముద్రల నల్లపొడి మరకలు, బ్రష్షు వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయి, విద్యార్థుల రికార్డుల్లో నిన్‌హైడ్రిన్ అనే రసాయనంతో కాగితం మీద తేలిన ఊదారంగు వేలిముద్రలు అంటించి ఉన్నాయి. ఆ అమ్మాయి అక్కడే చేరింది.

అధ్యాపకుల గురించి అడగడానికి మొహమాటపడకండి. ఫోరెన్సిక్ పాఠం చెప్పేవారిలో కనీసం ఒకరైనా ల్యాబ్‌లో పనిచేసినవారో, కోర్టులో సాక్ష్యం ఇచ్చినవారో ఉన్నారా? రిటైరైన పోలీసు అధికారులు, ప్రాసిక్యూటర్లు వచ్చి పాఠాలు చెబుతారా, లేక వార్షికోత్సవానికి మాత్రమే వస్తారా? చివరి సంవత్సరం విద్యార్థులను క్యాంటీన్ దగ్గర పట్టుకుని అడిగితే నిజం తెలుస్తుంది.

అమెరికా వెళ్లాలనుకునేవారికి

అక్కడ క్రిమినల్ జస్టిస్ పెద్ద చదువు. న్యూయార్క్‌లోని జాన్ జే కళాశాల 1964 నుంచి దీనికే ప్రసిద్ధి. కానీ మన పిల్లలు ముందు తెలుసుకోవలసింది వీసా సంగతి. ఎఫ్‌బీఐ వంటి కేంద్ర సంస్థల ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం ఉండాలి. మామూలు క్రిమినల్ జస్టిస్ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు కాబట్టి చదువయ్యాక విదేశీ విద్యార్థులు అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలే. ఫోరెన్సిక్ సైన్స్, కంప్యూటర్ ఫోరెన్సిక్స్ స్టెమ్ జాబితాలో ఉన్నాయి, వాటికి ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఫోరెన్సిక్ కోర్సు అయితే, అక్కడ ఆ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఫెపాక్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఇక అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఈ పౌరసత్వం అడ్డు లేదు. పిల్లలు పోలీసు శాఖ వైపో, ప్రాసిక్యూటర్ ఆఫీసు వైపో చూస్తే తల్లిదండ్రులు కంప్యూటర్ల వైపు లాగకుండా ఉంటే చాలు.

చేరే వారంలో

ఒక్క కాలేజీ మీదే ఆశ పెట్టుకోకుండా రెండు మూడు ప్రవేశ పరీక్షలు రాయించండి. కేంద్ర విశ్వవిద్యాలయాలకు జరిగే సీయూఈటీ డిగ్రీ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు, మన పిల్లలు చాలామంది ఈ సంగతి తెలియక వదిలేస్తున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీరు ఎంచుకున్న కోర్సుకు, కాలేజీకి వర్తిస్తుందో లేదో సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, కాలేజీ వాళ్ల మాట మీద ఆధారపడకండి. హాస్టల్, ప్రయాణం, ల్యాబ్ రుసుము కలిపి మొత్తం కోర్సు ఖర్చును ఒక కాగితం మీద వేసుకోండి.

ఫీజు కట్టే రోజున రశీదు చేతికి వచ్చేదాకా కౌంటరు వదలకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించి, వెంటనే వెనక్కి తీసుకోండి. విద్యార్థుల ఒరిజినల్స్‌ను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా ఆదేశించింది. కౌంటరులో కాదంటే, ఎందుకు ఇవ్వరో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.